గరాజ్ మోటారుకి కట్టిన మబ్బు

అమెరికాలో నా పీహెచ్‌డీ గురించి మొట్టమొదట అడిగిన మనిషికి పదమూడేళ్ళు. మోరిస్‌విల్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే పిల్ల. ఒక శనివారం మధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా సాక్సులతోనే మా డెక్ మీదకి వచ్చి, చేతిలో చిప్స్ పాకెట్ నలుపుతూ, "ఆంటీ, మీరు ఓల్డ్ ఇంగ్లండ్‌లో కింగ్స్ పార్టీల మీద డాక్టర్ అంట కదా?" అంది.

అవును, నేను డాక్టర్నే. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండు రాజుల కొలువులో ఆడిన మాస్క్ నాటకాల మీద విశాఖపట్నంలో ఫ్యాన్ కింద కూర్చుని థీసిస్ రాశాను. ఇంగ్లండు ముఖం ఇప్పటికీ చూడలేదు. కొన్నాళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మా ఆయన స్నేహితులందరూ ఒక ఆదివారం భోజనాల దగ్గర కూర్చుని, నేను టెస్టింగ్ నేర్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంగ్లీష్ లిటరేచర్ అయినా పర్లేదక్కా, టెస్టింగ్‌కి ఏ చదువైనా పర్లేదు అన్నారు. అప్పట్నుంచీ వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతూ బతుకుతున్నాను. తప్పులు వెతకడం నాకు పుట్టుకతోనే వచ్చింది కాబట్టి ఉద్యోగం గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, పోనీ మర్యాదకైనా, "ఇంతకీ దేని మీద చేశారండీ" అని అడగలేదు. అది మాత్రం నాకు కడుపులో మంటగానే ఉండేది.

అందుకని ఆ పిల్లని కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. మాస్క్ అంటే మామూలు నాటకం కాదు. రాజుగారి హాల్లో ఒక్కసారి ఆడటానికి నెలల తరబడి తయారయ్యేవాళ్ళు. కథంటూ పెద్దగా ఉండదు. ముందు వికారపు వేషాలవాళ్ళు వచ్చి పిచ్చి గంతులు వేస్తారు. వాళ్ళు పోయాక పైనుంచి మబ్బు దిగుతుంది. అందులో రాణీగారో, గొప్పింటి ఆడపిల్లలో దేవతల వేషాల్లో కూర్చుని ఉంటారు. నోరు మాత్రం విప్పరు. మాట్లాడటానికి డబ్బిచ్చి తెచ్చుకున్న నటులు వేరే ఉంటారు. దేవతలు దిగి నాట్యం చేస్తారు, చూడటానికి వచ్చినవాళ్ళని కూడా లాక్కొచ్చి చేయిస్తారు, ఆ తర్వాత అందరూ కలిసి భోజనాల మీద పడతారు. ఆ తోపులాటలో బల్లలు తిరగబడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి. ఇలాంటి వైభవాలు చూసుకుని మురిసిన రాజుల్లో రెండో ఆయన మీద జనం తిరగబడ్డారు. ఏ హాల్లో తనకోసం దేవతల్ని దింపించుకున్నాడో ఆ హాల్లోంచే ఆయన్ని నడిపించి తీసుకెళ్ళి తల తీశారు. నాటకశాలలు మూసేశారు. చాలా ఏళ్ళకి ఆయన కొడుకు తిరిగొచ్చి తెరిపించాడు. అప్పట్నుంచీ మబ్బులు టికెట్ కొన్నవాళ్ళందరికీ దిగడం మొదలుపెట్టాయి.

పిల్ల చిప్స్ అన్నీ అయ్యేదాకా విని, "పర్ఫెక్ట్" అంది. అప్పుడు తన కష్టం చెప్పుకుంది.

వాళ్ళమ్మ ఏప్రిల్‌లో దానికి హాఫ్ శారీ ఫంక్షన్ పెట్టింది. పిల్ల పెద్దమనిషి అయి కొన్ని నెలలైంది. బాంక్వెట్ హాలు బుక్ చేశారు, నాలుగు వందలమందిని పిలిచారు, అంతటితో ఊరుకోకుండా స్కూల్లో దీని స్నేహితుల్ని కూడా వాళ్ళ తల్లులకి మెసేజ్ పెట్టి పిలిచేసింది తల్లి. అమెరికన్ పిల్లలు. ఎందుకోసం పార్టీ అని వాళ్ళు లంచ్ దగ్గర అడిగారట. సరిగ్గా అప్పుడే ఇంగ్లీష్ క్లాసులో పాతకాలపు ఇంగ్లండు గురించి చెబుతున్నారు. దీని నోట్లోంచి వచ్చేసిందట, మాది కోర్ట్ మాస్క్, మా ఫ్యామిలీలో చేస్తారు అని. వాళ్ళు నమ్మేశారు. వేషాలు వేసుకుని వస్తామన్నారు.

"వాళ్ళకి అసలు సంగతి తెలిస్తే నేను స్కూల్‌కి వెళ్ళను ఆంటీ. లైక్, ఎప్పటికీ," అంది. ఏడవలేదు గానీ చిప్స్ పాకెట్‌ని చిన్న ఉండలా చుట్టేసింది.

నేను బుద్ధి చెప్పి పంపించాల్సింది. అబద్ధం ఆడకూడదమ్మా, ఇది మన ఆచారం, గర్వపడాలి అనాలి. ఆ మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. నాకు అదే వయసులో మా వీధి కరెంటు స్తంభానికి మైకు కట్టి సినిమా పాటలు వేశారు. చాప మీద నేను కూర్చుని ఉంటే, మా క్లాసు మగపిల్లలు సైకిళ్ళ మీద అటూ ఇటూ తిరిగారు. ఆ వేసవి సెలవులు అయిపోకూడదని నేను మొక్కుకోని దేవుడు లేడు. ఆ సిగ్గు ఇన్నేళ్ళయినా నాలో అలాగే ఉంది. అందుకే, సరే, నేను చూసుకుంటాను అన్నాను.

తల్లిని ఒప్పించడం నిమిషం పని. మా చుట్టుపక్కల ఫంక్షన్ అంటే థీమ్ ఉండాలి. రాజస్థాన్ కోట అయిపోయింది, అడవి అయిపోయింది, ఎవరో సముద్రగర్భం కూడా చేసి, పంతులుగారిని ప్లాస్టిక్ చేపల మధ్య కూర్చోబెట్టారు. లండన్ రాజుగారి కొలువు ఎవరూ చెయ్యలేదు అన్నాను. "అక్కా, పిల్ల మబ్బులోంచి దిగుతుందా?" అని అడిగింది. దిగుతుంది అన్నాను. ఆ క్షణం నుంచీ నన్ను అందరికీ డాక్టర్‌గారు అని పరిచయం చెయ్యడం మొదలుపెట్టింది. స్నేహితుల సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి తెలిస్తే ఆ పిల్లలందరికీ తనే స్లైడ్లు వేసి వివరిస్తుంది.

మబ్బు చేసే బాధ్యత మేనమామ తీసుకున్నాడు. ఆయన మిషిగన్‌లో ట్రాయ్‌లో ఉంటాడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఓణీ పెట్టాల్సినవాడు కాబట్టి ఎలాగూ రావాలి. వారం ముందే వచ్చి చెల్లెలి గరాజ్‌లో దిగాడు. నా థీసిస్ ఫోటోకాపీ ముందేసుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ కాలపు మబ్బు యంత్రాల బొమ్మలు శ్రద్ధగా చూశాడు. దాన్ని పరీక్షించిన ప్రొఫెసర్లు కూడా అంత శ్రద్ధగా చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పట్లో మబ్బుకి తాళ్ళు, గిలకలు, అవతలి వైపు సీసపు దిమ్మలు ఉండేవి. సీసం బదులు ఈయన సోనామసూరి బియ్యం బస్తాలు వేలాడదీశాడు. గిలక తిప్పే కూలీల బదులు గరాజ్ తలుపు ఎత్తే మోటారు కొత్తది కొనుక్కొచ్చి పైన బిగించాడు. చేతిలో రిమోట్. మబ్బేమో థర్మోకోల్ మీద దూది. పిల్ల లంగా కింద కొండలెక్కేవాళ్ళ బెల్టు కట్టి ఇనుప చట్రానికి తగిలించేలా ఏర్పాటు చేశాడు. గరాజ్ మోటారుకి ఒక భద్రత ఉంటుంది కదా, కింద రెండు పక్కలా చిన్న కళ్ళుంటాయి, వాటి మధ్యలో ఎవరైనా నిలబడితే తలుపు దిగడం ఆపి వెనక్కి పైకి వెళ్ళిపోతుంది. దాన్ని కూడా మబ్బుకి పెట్టాడు. "కింద ఎవరైనా ఉంటే వాళ్ళ నెత్తిన దిగకూడదు కదక్కా," అన్నాడు. చాలా బుద్ధిమంతుడైన మనిషి.

నేను నా వృత్తిధర్మం పాటించాను. ఏవేవి చెడిపోవచ్చో అన్నీ ఆలోచించాను. తాడు తెగడం, కరెంటు పోవడం, పిల్లకి కళ్ళు తిరగడం, బస్తా చిరగడం. ప్రతిదానికీ విరుగుడు పెట్టాం. కరెంటు పోతే లాగడానికి మోటారుకి ఎర్ర తాడు ఉంది. అది లాగితే మోటారు వదిలేస్తుంది, ఇంక చేత్తో దింపుకోవచ్చు. మేనమామ నన్ను మబ్బులో కూర్చోబెట్టి అది కూడా చేసి చూపించాడు. ఆ గరాజ్‌లో, వాషింగ్ మెషిన్ పక్కన, నేను నెమ్మదిగా దేవతలా దిగాను. అన్నీ పరీక్షించాం గానీ, కింద తెలుగువాళ్ళు ఉంటారన్న విషయం మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు.

హాలు మేనేజరు పొగ మిషను వద్దన్నాడు, కొవ్వొత్తులు వద్దన్నాడు, ఫైర్ అలారం మోగుతుందట. ఇంగ్లండు రాజుగారు కూడా సరిగ్గా అంతే, పైకప్పుకి కొత్తగా రంగుల బొమ్మలు పెట్టించాక దీపాల పొగకి పాడవుతాయని ఆ హాల్లో మాస్క్‌లు ఆపించారు అని ఆయనకి చెప్పాను. ఆయన అంతా విని, అయినా పొగ వద్దన్నాడు.

ఫంక్షన్ రోజు పొద్దున స్నేహితురాళ్ళు నలుగురూ నిజంగానే వేషాలు వేసుకుని వచ్చారు. పుల్లలకి అతికించిన, సగం ముఖం కప్పే ముసుగులు, పొడుగు గౌన్లు. ఒక పిల్ల అయితే మెడచుట్టూ ఆ కాలపు మడతల కాలరు పెట్టుకుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కాఫీ ఫిల్టర్లు గుచ్చి చేసింది. అంత చక్కగా కుదిరింది. వాళ్ళని నా టేబుల్ దగ్గరే కూర్చోబెట్టుకుని, చుట్టూ మాట్లాడని అంకుల్స్‌ని ఏరి కూర్చోబెట్టాను. ఒకావిడ వచ్చి కాఫీ ఫిల్టర్ పిల్ల గడ్డం పట్టుకుని, "మీ ఇళ్ళలో కూడా చేస్తారా?" అని ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే, ఆవిడని పునుగుల స్టాల్ వైపు తిప్పి పంపాను.

విచిత్రమేమంటే నేను అబద్ధాలు ఎక్కువ ఆడక్కర్లేకపోయింది. ముందు చిన్నపిల్లలు పులి వేషాలు, కోతి వేషాలు వేసుకుని సినిమా పాటలకి గంతులు వేశారు. ఇది వికారపు వేషాల ఘట్టం అన్నాను. స్పాన్సర్లని స్టేజి మీదకి పిలిచి శాలువాలు కప్పారు. ప్రభువుల్ని పొగడటం ఇందులో ముఖ్యభాగం అన్నాను. మంచి సీట్లకోసం ఇద్దరు పెద్దమనుషులు చిన్నగా గొడవపడ్డారు. రాయబారులు కూడా ఇలాగే కొట్టుకునేవారు అన్నాను, అది నిజం. పంతులుగారిని మాత్రం కొలువు గురువుగారు అని చెప్పాల్సి వచ్చింది. థీసిస్ మొత్తం రాశాను కానీ, నాకు ఆ కొలువు అర్థమైంది ఆ రోజే. స్నేహితులు నోరు తెరుచుకుని చూస్తున్నారు. మా పిల్ల గట్టెక్కిందనుకున్నాను.

ముహూర్తం వచ్చింది. తెర తీశారు. పైన మబ్బులో పిల్ల, గులాబీరంగు లంగా, నెత్తిన వెండి కాగితం కిరీటం, చేతిలో పుల్ల ముసుగు. హాలంతా ఒక్కసారి ఆహా అంది. మేనమామ ఓణీ పళ్ళెం ఒక చేతిలో, రిమోట్ ఒక చేతిలో పెట్టుకుని బొత్తాం నొక్కాడు. మబ్బు గుర్రుమంటూ బయలుదేరింది.

సగం దిగింది. అంతే, నాలుగు వందలమందీ ఫోన్లు ఎత్తి, అక్షింతలు గుప్పిట పట్టి, స్టేజి మీదకి వచ్చేశారు. పిన్నమ్మలు, బాబాయిలు, ఆఫీసువాళ్ళు, ఎవరో నాకు తెలియని టీమ్ లీడు. కింద కళ్ళకి అడ్డం పడ్డారు. మోటారు బీప్‌మని, మబ్బు గౌరవంగా వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

ఇదంతా ప్లాను అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మేనమామ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ సగం దిగింది, మళ్ళీ జనం, మళ్ళీ బీప్, మళ్ళీ పైకి. తల్లి మైకు లాక్కుని, అందరూ దయచేసి వెనక్కి జరగండి అంది. ఫోటో అయినవాళ్ళు వెనక్కి జరిగారు, ఫోటో కానివాళ్ళు ఆ జాగాలోకి వచ్చారు. వీడియో అతను మాత్రం, బాగుంది సార్, ఇంకోసారి, అంటున్నాడు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు తన ఫోనులో టైం చూపించారు. అప్పుడు ఆ కళ్ళు పీకేద్దామని మేనమామ వంగితే, జనం కాళ్ళ మధ్య అవి ఎక్కడున్నాయో ఆయనకే దొరకలేదు.

తల్లికి ఏం చెయ్యాలో తోచక మైకు యాంకర్ అంకుల్ చేతిలో పెట్టి, ఏదో ఒకటి మాట్లాడండి అంది. మా ప్రాంతంలో అన్ని ఫంక్షన్లకీ ఆయనే యాంకర్. మంచివాడు, ఆగడం తెలియదు. ఇంగ్లీషులో ఏమీ వివరించొద్దని ఆయనకి పొద్దున్నే చెప్పాను, సరే మేడం అన్నాడు. కానీ ఉన్న జోకులన్నీ అయిపోయాయి, మబ్బు మూడోసారి పైకి పోయింది, మనిషి ఖాళీ మైకుతో ఎంతసేపు నిలబడతాడు? నేను ఎర్ర తాడు లాగడానికి స్టేజి వెనక్కి పరిగెడుతున్నాను. ఆయన గొంతు సవరించుకుని, మన అమెరికన్ అతిథులకోసం అంటూ మొదలుపెట్టడం వినిపించింది. ఇంకా వేగంగా పరిగెత్తాను.

చక్కటి ఇంగ్లీషులో, నిదానంగా, ఏమీ దాచకుండా చెప్పాడు. ఆడపిల్ల శరీరంలో ఏ మార్పు వస్తే ఈ వేడుక చేస్తారో, ఆ మార్పు పేరేమిటో, అది ఈ పిల్లకి ఏ నెలలో వచ్చిందో కూడా తల్లి చెప్పి ఉంటుంది, అదీ చెప్పాడు. చివర్లో, ఇందులో దాచుకోవడానికి ఏముంది, మేము హాలు బుక్ చేస్తాం అన్నాడు. మనవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టారు.

నేను స్టేజి పక్కన, తాళ్ళ దగ్గర ఉన్నాను. అక్కణ్ణుంచి పిల్ల ముఖం కనిపిస్తోంది. పారిపోవడానికి దానికి చోటు లేదు. నడుముకి బెల్టు కట్టి, చట్రానికి తగిలించి, మనుషుల తలల మీద కూర్చోబెట్టాం మేమే. పుల్ల ముసుగు కింద పడేసి, రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది. నాకు నా మీద, మేనమామ మీద, ఆ మైకు మీద, మా వీధి స్తంభానికి కట్టిన ఆ పాత మైకు మీద కూడా ఒళ్ళు మండిపోయింది. ఎర్ర తాడు లాగాను. మోటారు వదిలేసింది, మబ్బు తాడుతో బరువు నా చేతిలోకి వచ్చింది. బియ్యం బస్తాలు సరిగ్గా తూగుతున్నాయి కాబట్టి పెద్ద బరువేమీ లేదు. ముందు దాన్ని దింపి, వెనక తలుపు గుండా కారులో పడేద్దామని అనుకున్నాను.

అప్పుడు నా టేబుల్ దగ్గర కాఫీ ఫిల్టర్ పిల్ల కుర్చీ ఎక్కి నిలబడింది.

"నిజమా? ఇదంతా దానికోసమా?" అని పైకి అరిచింది ఇంగ్లీషులో.

హాలంతా ఆ పిల్ల వైపు తిరిగింది.

"మా అమ్మ నాకు ఒక హీటింగ్ ప్యాడ్ ఇచ్చింది," అంది ఆ పిల్ల. "ఇచ్చి, తమ్ముడికి చెప్పకు అంది. అంతే. అంతే చేసింది."

పక్కనున్న పిల్ల, తనకి అది కూడా ఇవ్వలేదని, ఒక వీడియో లింకు పంపించారని చెప్పింది. మూడో పిల్ల గౌను సర్దుకుంటూ మబ్బు వైపు చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. మా చిన్నప్పుడు పక్కింట్లో టీవీ కొన్నప్పుడు మేమందరం అలాగే చూశాం. తెలుగు ఆడవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు, తర్వాత ఇంకొకరు, తర్వాత వరసలు వరసలుగా. ఎగతాళి నవ్వు కాదు, చాలా ఏళ్ళు పళ్ళ బిగువున పట్టుకున్న నవ్వు. నేనూ నవ్వాను, చేతుల్లో తాడు ఊగింది.

పిల్ల ముఖం మీంచి చేతులు తీసింది. కాటుక చెంపల మీదకి కారిపోయింది. కిరీటం పక్కకి ఒరిగింది.

"అవును," అని అరిచింది మబ్బులోంచి, మైకు లేకుండానే. "దానికే."

మాస్క్‌లో దేవతలు నోరు విప్పరు. ఆ మాట థీసిస్‌లో నేనే రాశాను. స్నేహితులు నలుగురూ లేచి, ముసుగులు పైకెత్తి ఊపుతూ కేకలు పెట్టారు. వాళ్ళని చూసి అక్షింతలు పట్టుకున్న జనం గురి చూసి వాటిని పైకి విసిరారు. పసుపు గింజలు దూదిలో, కిరీటంలో, దాని నెత్తిన ఇరుక్కున్నాయి. మేనమామ ఓణీ పళ్ళెంతో నా పక్కకి వచ్చి, తాడు నా చేతిలో ఉందని చూసి, "దింపెయ్యండక్కా, మెల్లగా," అన్నాడు.

తాడు కొంచెం వదిలాను. మబ్బు ఒక అడుగు దిగింది.

"ఆంటీ, వెయిట్," అంది పిల్ల, నా వైపు చూడకుండానే. హాలంతా కలయజూస్తోంది. "ఇప్పుడే దించొద్దు."

తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. ముహూర్తం దాటిపోతోందమ్మా అని పంతులుగారు వెనక నుంచి అంటున్నారు. దాటనివ్వండి అన్నాను.